గడగడా చదువుతాడు, అడిగితే చెప్పలేడు: ఇంట్లోనే సరిచేసిన ఒక చదువు సమస్య

అయిదో తరగతి పిల్లవాడు. తెలుగు పుస్తకం చేతికిస్తే ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడా తప్పకుండా గడగడా చదివేస్తాడు. ఏం చదివావు అని అడిగితే మాత్రం మళ్లీ పుస్తకంలోకి చూస్తాడు. ఇలాంటి పిల్లలు మా దగ్గరికి ఆలస్యంగా వస్తారు. అక్షరాలు రాని పిల్లవాడు రెండో తరగతిలోనే బయటపడతాడు. బాగా చదివే పిల్లవాడిని ఎవరూ అనుమానించరు. అందుకే ఈ కేసును వివరంగా రాసి పెడుతున్నాను.

నేను అనంతపురంలో చదువులో ఇబ్బంది పడే పిల్లలతో పనిచేసే స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. ఈ పిల్లవాడిని ఇక్కడ చరణ్ అంటాను. అది అసలు పేరు కాదు. స్కూలు, కాలనీ చెప్పడం లేదు. ఇంటి వివరాల్లో కొన్ని మార్చాను. తల్లిదండ్రులు ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

నేపథ్యం

చరణ్ తండ్రి లారీ డ్రైవర్. బండలు, గ్రానైట్ వేసుకుని దూరం పోతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. తల్లి పదో తరగతి దాకా చదివింది. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. పిల్లవాడు ప్రభుత్వ బడిలో ఇంగ్లిష్ మీడియం. 2020-21 నుంచి మన రాష్ట్రంలో ఇస్తున్న రెండు భాషల పాఠ్యపుస్తకాలే అతనివి కూడా. ఒక పేజీలో పాఠం ఇంగ్లిష్‌లో ఉంటుంది, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ తెలుగు పేజీని ఎవరూ తెరిచి చూడరు.

ఏ సమస్యతో వచ్చారు

తల్లి చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను: "రీడింగ్‌లో క్లాసులో వీడే ఫస్ట్ మేడం. కొశ్చన్ కొంచెం తిప్పి అడిగితే ఒక్క ముక్క రాదు." లెక్కల్లోనూ అంతే. కూడికలు, తీసివేతలు, గుణకారాలు విడిగా ఇస్తే తప్పు చేయడు. అదే లెక్కను నాలుగు మాటల్లో రాసి ఇస్తే కనిపించిన అంకెలన్నీ కూడేస్తాడు. బడిలో ధ్యాస తక్కువ అన్నారు. తండ్రి సెల్‌ఫోన్ మీద నెట్టాడు. ట్యూషన్‌లో ఇంకా ఎక్కువసార్లు చదివించమన్నారు.

ఇంట్లో అప్పటికి చేస్తున్నది ఇది: రోజూ సాయంత్రం పాఠాన్ని గట్టిగా అయిదుసార్లు చదవాలి, ఆ తర్వాత గైడ్‌లోని ప్రశ్న జవాబులు బట్టీ పట్టి అప్పజెప్పాలి. తల్లి మిషన్ ఆపి, పుస్తకం పట్టుకుని పక్కన కూర్చునేది. అంత కష్టపడుతున్నా ఫలితం రాకపోవడంతో ఆమెకు పిల్లవాడి మీద కోపం, తన మీద అనుమానం రెండూ మొదలయ్యాయి.

ముందు ఏం తేల్చుకున్నాను

మొదట కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించుకు రమ్మన్నాను. రెండూ బాగున్నాయి. ఇది చేయకుండా పద్ధతుల జోలికి వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం. బోర్డు సరిగా కనపడని పిల్లవాడికి నెలల తరబడి పాఠాలు చెప్పడం అతనికి అన్యాయం చేయడమే.

ఆ తర్వాత అసలు ప్రశ్న. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదివి అర్థం చేసుకోవడాన్ని ఒక చిన్న గుణకారంగా చెప్పారు. అక్షరాలను మాటలుగా మార్చుకోగల శక్తి ఒకటి, ఆ భాషను విని అర్థం చేసుకోగల శక్తి ఇంకొకటి. ఈ రెండింటి లబ్ధమే చదివి అర్థం చేసుకోవడం. కూడిక అయితే ఒకటి తగ్గినా రెండోది ఆదుకుంటుంది. గుణకారంలో ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే. చరణ్‌కు మొదటిది నిండుగా ఉందని చెవులతో వింటూనే ఉన్నాం. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన, ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వేలో చదువు పరీక్షకు పై మెట్టు రెండో తరగతి స్థాయి కథ. చరణ్ దాన్ని ఒక్క ఊపులో చదివేస్తాడు. కాబట్టి రెండోదాన్ని చూడాలి. వినడంలో, మాటలో ఏమైనా లోటు ఉందా?

అది తెలుసుకోవడానికి పుస్తకం పక్కన పెట్టించాను. మాటల్లో మేనమామ ఊరి సంగతి వచ్చింది, అక్కడ బోరు ఎందుకు ఎండిపోయిందని అడిగాను. పక్క చేనులో వాళ్లు ఇంకా లోతుగా వేయించారని, దాంతో వీళ్లకు నీళ్లు తగ్గాయని, మామ మళ్లీ రిగ్గు పిలిపిస్తే అప్పు చేసి వేయించొద్దని అత్త గొడవ పెట్టుకుందని, చివరికి ఆ యేడు వరి మానేసి చెనిక్కాయ (వేరుశనగ) వేశారని వరుస తప్పకుండా చెప్పాడు. ఏది ఎందుకు జరిగిందో అంత చక్కగా చెప్పగల పిల్లవాడికి బుర్రలో లోపం ఉందనడానికి వీల్లేదు. ధ్యాస లేదనే మాట కూడా ఇక్కడే వీగిపోయింది.

తర్వాత నేను రాసిన ఈ నాలుగు వాక్యాలు చదివించాను:

"గౌరి మేకను తోలుకొని చెరువు దగ్గరికి పోయింది. నీళ్లు తాగి, గట్టు మీద చిగుళ్లు మేయసాగింది. పడమటి దిక్కున మబ్బు కమ్ముకోవడం చూసి, కళ్లంలో ఆరబోసిన కాయలు గుర్తొచ్చి, దాన్ని అక్కడే చెట్టుకు కట్టి ఇంటికి పరుగెత్తింది. వాన వెలిసేసరికి కాయల మీద ఒక్క చుక్క లేదు."

గడగడా చదివాడు. చిగుళ్లు మేసింది ఎవరు అని అడిగితే "గౌరి" అన్నాడు. చెట్టుకు కట్టింది దేన్ని? "కాయల్ని." కాయలు ఎందుకు తడవలేదు? "వాన పడలేదు కాబట్టి." మూడు జవాబులూ తడుముకోకుండా, ధైర్యంగా చెప్పాడు. నన్ను ఆపేసింది తప్పు జవాబులు కాదు. ఒక ఆడపిల్ల చిగుళ్లు మేయడం అతనికి ఎక్కడా వింతగా అనిపించలేదు. బోరు కథలో అత్త చిగుళ్లు మేసిందని ఎవరైనా అంటే పడీ పడీ నవ్వుతాడు. పుస్తకంలో ఉన్న మాట మాత్రం నిజంగా జరిగే విషయంలా అతని మనసులోకి పోవడం లేదు.

ఇలాంటిదే ఇంకొక పేరాను నేనే చదివి వినిపించాను. కొంచెం మెరుగు, అంతే. తర్వాత మూడో పేరాను ఇంట్లో మాట్లాడే మన సీమ తెలుగులో, ఎవరు చేశారో ప్రతిసారీ పేరు పెట్టి చెప్పాను. అన్నింటికీ సరైన జవాబు వచ్చింది.

ఈ నాలుగూ పక్కపక్కన పెడితే సమస్య ఎక్కడుందో తెలిసింది. తెలుగులో కర్తను ప్రతి వాక్యంలో చెప్పనక్కర్లేదు. పైగా పోయింది, మేసింది, కట్టింది అన్నప్పుడు అమ్మాయికీ మేకకూ క్రియ ఒకటే రూపం. మాట్లాడేటప్పుడు గొంతు, చేతి సైగ, ఎదుటి మనిషి ముఖం మనకు సాయం చేస్తాయి. పేజీలో అవేవీ ఉండవు. ఆ ఖాళీని చదివేవాడే పూరించుకోవాలి. చరణ్ మొదటి వాక్యంలో వచ్చిన పేరును పట్టుకుని చివరిదాకా దాంతోనే పోయాడు. దాన్ని, అతనికి, అక్కడ లాంటి మాటలు వచ్చినప్పుడు వెనక్కి చూడలేదు. పరుగెత్తడానికీ కాయలు తడవకపోవడానికీ మధ్య ఉన్న పని, అంటే కాయల మీద పట్ట కప్పడమో కుప్పచేసి లోపల పెట్టడమో, వాక్యాల్లో లేదు కాబట్టి అతనికి అది లేనే లేదు.

బ్రిటన్‌లో జేన్ ఓక్‌హిల్, నికోలా యూల్ వంటి పరిశోధకులు 1980ల నుంచి సరిగ్గా ఇలాంటి పిల్లల మీద పనిచేశారు. చదవడం వచ్చినా అర్థం పట్టలేని పిల్లలు సర్వనామాలను పేర్లతో కలపడంలో, రాయని విషయాన్ని ఊహించుకోవడంలో, తమకు అర్థం కాలేదని తాము గమనించుకోవడంలో తడబడతారని వాళ్లు చూపించారు. చరణ్‌లో ఈ మూడూ ఉన్నాయి. వాటికి తోడు ఇంట్లో జరుగుతున్న పద్ధతి. అయిదుసార్లు గట్టిగా చదివించడం వల్ల చదువు అంటే గొంతుతో చేసే పని అని అతనికి స్థిరపడింది. ఆగితే తిట్లు, ఆగకపోతే మెచ్చుకోలు. ఆలోచించాలంటే ఆగాలి మరి.

ఏం ప్రయత్నించాం, ఏది నిలవలేదు

మొదట అనుకున్నది మౌనంగా చదివించడం. గొంతు పని తగ్గితే మనసుకు పని దొరుకుతుందని ఆలోచన. కళ్లు మాత్రం గొంతుకన్నా వేగంగా పరుగెత్తాయి. పేజీ తిప్పి "అయిపోయింది" అనేవాడు. లోపల ఏం జరుగుతోందో తల్లికీ తెలియదు, నాకూ తెలియదు. దాన్ని త్వరగానే మానేశాం.

పేరా చివర ప్రశ్నలు అడగడం ఇంకొకటి. ఇక్కడ చరణ్ తెలివి బయటపడింది. ప్రశ్నలోంచి ఒక మాట తీసుకుని, అది పేరాలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యాన్ని పైనుంచి కిందికి చదివి వినిపించేవాడు. "రాజు ఎందుకు కోపపడ్డాడు" అంటే "కోపపడ్డాడు" అన్న మాట ఉన్న వాక్యం జవాబు. సగం ప్రశ్నలకు ఆ ఉపాయం సరిపోతుంది కూడా. గైడ్‌లోని ప్రశ్నలన్నీ అలా తయారైనవే. చివర అడిగే ప్రశ్న వెతకడం నేర్పిస్తోంది, అర్థం చేసుకోవడం నేర్పించడం లేదు అని తేలాక దాన్నీ వదిలేశాం.

రెసిప్రొకల్ టీచింగ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పాలింక్సార్, బ్రౌన్ అనే పరిశోధకులు 1984లో ప్రచురించిన పద్ధతి ఇది. ముందు ఏం రాబోతుందో ఊహించడం, ప్రశ్న వేయడం, అర్థం కానిదాన్ని తేల్చుకోవడం, క్లుప్తంగా చెప్పడం అనే నాలుగు పనులను పెద్దవాళ్లు, పిల్లలు వంతులవారీగా చేస్తారు. గుంపుగా కూర్చోబెట్టినప్పుడు నా దగ్గర బాగా పనిచేసే పద్ధతి. చరణ్ తల్లికి దీన్నే చిన్నగా చేసి ఇచ్చాను. ఇంట్లో అది నాలుగు కొత్త పరీక్ష ప్రశ్నలైపోయింది. "ఊహించు" అంటే పిల్లవాడు తల్లి ముఖం చూసి ఆమెకు నచ్చేది చెప్పడం, "క్లుప్తంగా చెప్పు" అంటే పేరా మొత్తం అప్పజెప్పడం. పద్ధతిలో లోపం లేదు. దానికి ఒక గుంపు కావాలి, అడిగేవాళ్లకు నిజంగా జవాబు తెలుసుకోవాలన్న కుతూహలం కావాలి. సాయంత్రం జాకెట్లు ఇవ్వాల్సిన టెన్షన్‌లో, పుస్తకం ఎదురుగా పెట్టుకుని, జవాబు ముందే తెలిసిన మనిషి అడిగితే అది పరీక్షే అవుతుంది.

ఏది పనిచేసింది

ఆ చివరి కారణంలోంచే తర్వాతి నిర్ణయం వచ్చింది. అడిగేవాళ్లకు జవాబు తెలియకూడదు. కాబట్టి తల్లి పుస్తకం చూడకూడదు.

మిషన్ ఆపొద్దన్నాను. ఆమె కుడుతూ ఉంటుంది, కళ్లు గుడ్డ మీద. చరణ్ పక్కన కూర్చుని ఒక్క వాక్యం చదువుతాడు. కింది వాక్యాలు కనపడకుండా ఒక అట్టముక్క అడ్డం పెట్టుకుంటాడు. చదివాక పుస్తకం మూసి, చదివినదాన్ని అమ్మకు తన మాటల్లో చెప్తాడు. ఆమెకు అర్థమైతే "ఆ, తర్వాత?" అంటుంది. కాకపోతే రెండే ప్రశ్నలు: ఎవరు? ఎందుకు? రోజుకు ఒక పేరా చాలు. గట్టిగా అయిదుసార్లు చదవడం పూర్తిగా బంద్.

తల్లికి వెంటనే వచ్చిన సందేహం న్యాయమైనది. "వాడు తప్పు చెప్పినా నాకు ఎట్ల తెలుస్తుంది మేడం? బుక్కు నేను చూడల్ల గదా?" కుదరని మాట మీ చెవికి తగులుతుంది, తగిలినప్పుడు మీకు వచ్చిన ఆశ్చర్యమే అతనికి చాలు అని చెప్పాను. గౌరి పేరా మీదే ఆమెతో అక్కడికక్కడే చేసి చూశాం. చరణ్ "గౌరి నీళ్లు తాగింది, చిగుళ్లు తినింది" అన్నాడు. ఆమె మిషన్ ఆపి "ఏంది? ఆ పాప చిగుళ్లు తినిందా?" అంది. వాడు పుస్తకం తెరిచి, రెండో వాక్యం మీద వేలు పెట్టి, వేలును మెల్లగా వెనక్కి జరిపి మొదటి వాక్యంలో మేక దగ్గర ఆపాడు. "మేక! మేక తినింది." నేను రాబట్టాలని చూసిన కదలిక అదే, వేలు వెనక్కి పోవడం. అప్పటిదాకా అతని చదువులో వేలు ముందుకే పోయింది.

ఒక మాట వాడుక గురించి ఇక్కడే చెప్పాలి. చరణ్ తిరిగి చెప్పేటప్పుడు యాడ, ఎట్ల, ఎవురు అంటాడు. పుస్తకం వేరుశనగ అంటే అతను చెనిక్కాయ అంటాడు. సరిచేయొద్దని తల్లికి గట్టిగా చెప్పాను. కథను తన ఇంటి మాటలోకి తెచ్చుకోగలిగితే అది అతనికి అర్థమైనట్టు. పుస్తకం మాటలే తిరిగి అప్పజెప్తే అర్థమైందో లేదో తెలియదు. ఆ సమయంలో మాటను దిద్దితే పిల్లవాడి దృష్టి కథ మీద నుంచి మాట మీదికి పోతుంది. పుస్తకాల తెలుగు నేర్పడానికి వేరే వేళ ఉంది.

చిత్రంగా ఎక్కువ సాయం చేసింది తండ్రి ఫోన్. రాత్రి ఎక్కడో ధాబా దగ్గర లారీ ఆపుకుని రోజూ ఫోన్ చేస్తాడు. అప్పటిదాకా ఆ ఫోన్‌లో కొడుకుతో మాట "ఎన్ని మార్కులు వచ్చినాయి రా" దగ్గర మొదలై అక్కడే ఆగేది. ఆయనతో నేను మాట్లాడి, మార్కుల మాట ఆపి ఆ రోజు చదివిన కథ చెప్పించుకోమన్నాను. ఫోన్‌లో పుస్తకం కనపడదు, సైగలు కనపడవు. ఒకసారి స్పీకర్‌లో విన్న సంభాషణ ఇది:

"అది దాన్ని తరుముకుంది నాయనా."

"ఏది రా? దేన్ని?"

"అదే, అది."

"నాకు కనపడదు గదా. పేరు చెప్పు."

"కుక్క... కాదు, ఆగు. నక్క కుక్కను కాదు, కుక్కే నక్కను తరిమింది."

నేను వాక్యం వాక్యానికి కూర్చుని చేయించాలనుకున్న పనిని ఫోన్ దానంతటదే చేయించింది. పేర్లు చెప్పక తప్పని పరిస్థితి పిల్లవాడికి ఏర్పడింది. కొద్ది వారాలకు చరణ్ చదివేటప్పుడే "నాయన అడుగుతాడు" అంటూ వెనక్కి చూసుకోవడం మొదలుపెట్టాడు.

మధ్యలో సముద్రం మీద ఒక పాఠం వచ్చింది. బాగుపడుతున్నాడని అనుకుంటున్న సమయంలో ఆ పాఠం దగ్గర మళ్లీ మొదటికి వచ్చినట్టయింది. పడవలు, వలలు, ఆటుపోట్లు, రేవు. ఇంట్లో ఎవరికైనా మళ్లీ పాత పద్ధతికి పోదామనిపిస్తుంది. నేను ఒప్పుకోలేదు. చెరువు, మేక, కళ్లం ఉన్న పేరాలో అతను బాగానే ఉన్నాడు. ఇక్కడ తడబడింది చదివే పద్ధతి వల్ల కాదు, విషయం తెలియక. 1988లో రెక్ట్, లెస్లీ అమెరికాలో చేసిన ఒక అధ్యయనం ఈ సంగతిని చక్కగా చూపిస్తుంది. బేస్‌బాల్ గురించి బాగా తెలిసిన పిల్లలు, చదువులో వెనకబడినవాళ్లైనా సరే, ఆ ఆట గురించిన భాగాన్ని ఆట తెలియని మంచి పాఠకులకన్నా బాగా గుర్తుపెట్టుకున్నారు. మన పిల్లవాడు సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు. అనంతపురం పిల్లలు చాలామంది చూడలేదు.

తండ్రి కృష్ణపట్నం పోర్టుకు లోడు తీసుకుని పోయిన మనిషి. పాఠం మొదలుపెట్టకముందు రెండు మూడు రాత్రులు ఫోన్‌లో పోర్టు సంగతులే మాట్లాడమన్నాను. ఓడ ఎంత పెద్దది, క్రేన్ ఎట్లా ఎత్తుతుంది, నీళ్లు ఒక వేళ ముందుకొచ్చి ఇంకో వేళ ఎందుకు వెనక్కి పోతాయి. తండ్రికి తెలియనిది తల్లి మ్యాప్‌లో, ఫోన్‌లో చూపించింది. ఆ తర్వాత అదే పాఠం మొదలుపెడితే "ఆటుపోట్లు" దగ్గర ఆగి "ఇది నాయన చెప్పిందే" అన్నాడు. అప్పటినుంచి కొత్త పాఠం ఏదైనా ముందు దాని గురించి ఇంట్లో మాట, ఆ తర్వాతే పుస్తకం అనే వరుస పెట్టుకున్నాం. పాఠం ముగిశాక వివరించడం కన్నా ముందు మాట్లాడటానికి తక్కువ సమయం పడుతుంది, ఎక్కువ ఫలితం ఇస్తుంది.

పాఠాలు కాక చదవడానికి వేరే కథలు కావాలి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి. వాటిలోంచి చరణ్ చదవగల స్థాయికన్నా ఒక మెట్టు తక్కువవే మొదట ఎంచాను. అక్షరాల మీద శ్రమ లేనప్పుడే ఆలోచనకు చోటుంటుంది. ఆదివారం జిల్లా గ్రంథాలయానికి తీసుకుపోయి తనకు నచ్చిన పుస్తకం తననే తీసుకోనిమ్మన్నాను.

మధ్యలో వచ్చిన ఇబ్బందులు

అట్టముక్క పద్ధతి మొదలైన కొన్ని వారాలకు చరణ్ చదివే వేగం తగ్గింది. బడిలో "ఇంతకుముందు బాగా చదివేవాడు, ఇప్పుడు ఆగి ఆగి చదువుతున్నాడు" అన్నారు. తల్లికి అది పెద్ద దెబ్బ. నాకు అది మొదటి మంచి సూచన. ఎక్కడ ఆగుతున్నాడో గమనించమన్నాను. ఒత్తుల దగ్గర ఆగితే భయపడాలి. అతను ఆగుతున్నది అతను, అది, అప్పుడు, అందుకే లాంటి మాటల దగ్గర, పేరా మలుపుల దగ్గర. టీచర్‌కు నేనే వివరంగా ఒక ఉత్తరం రాసి పంపాను. ఆమె సహృదయంతో అర్థం చేసుకుని, క్లాసులో వేగం చూడటం ఆపి, చదివాక ఒక మాట అడగడం మొదలుపెట్టారు.

బడిలో మధ్యమధ్యలో పెట్టే ఎఫ్ఏ పరీక్షలో మార్కులు పెరగకపోగా కొంచెం తగ్గాయి కూడా. గైడ్ బట్టీ తగ్గింది కదా, గైడ్ ప్రశ్నలే వచ్చే పరీక్షలో మార్కులు తగ్గడం సహజం. ఇక్కడ రెండు దారులున్నాయి. గైడ్ పూర్తిగా మానిపించి తల్లిని మార్కులతో పోరాడమనడం ఒకటి, ఏదో ఒక సర్దుబాటు చేయడం రెండోది. నేను రెండోదే ఎంచాను. పరీక్ష ముందు రెండు రోజులు గైడ్ చూసుకోవచ్చు, మిగతా రోజుల్లో దాని జోలికి పోవద్దు. మార్కులు పడిపోతే ఇంట్లో నమ్మకం పోతుంది, నమ్మకం పోతే రోజూ జరిగే ఆ ఒక్క పేరా కూడా ఆగిపోతుంది. సిద్ధాంతం కోసం ఆ పేరాను పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

మార్పును మార్కులతో కొలవలేదు. అప్పుడప్పుడు గౌరి పేరాలాంటిది కొత్తది రాసి ఇచ్చేదాన్ని. జవాబు వాక్యాల్లో కనపడకూడదు, చదివేవాడు ఊహించుకోవాలి. జవాబుతోపాటు ఇంకొకటి రాసుకునేదాన్ని: ఎవరూ అడగకుండా తనంతట తను ఎక్కడైనా ఆగి వెనక్కి పోయాడా? దసరా సెలవుల తర్వాత ఇచ్చిన ఒక పేరాలో నేను కావాలనే ఒక వాక్యం కుదరకుండా రాశాను. చెరువు ఎండిపోయిందని పైన, పిల్లలు అందులో ఈతకొట్టారని కింద. చరణ్ చదువుతూ ఆగి, నా వైపు చూసి, "మేడం, ఇది తప్పు రాసినారు" అన్నాడు. మేక స్థానంలో ఆడపిల్లను చిగుళ్లు మేయించిన పిల్లవాడే ఇతను.

లెక్కల్లో మాటల లెక్కలు కూడా మారాయి, అక్కడ వేరే పని ఏమీ చేయకుండానే. అంకెలు కూడే ముందు "ఎవరి దగ్గర ఎన్ని" అని పైకి చెప్పుకుంటున్నాడు.

ఇదే పద్ధతి అందరికీ కాదు

ఈ కేసు చదివి ఇంట్లో మొదలుపెట్టేవాళ్లు ముందు ఒక పరీక్ష చేసుకోవాలి. పిల్లవాడు చదివి చెప్పలేని పేరాను మీరు చదివి వినిపించండి. విని చక్కగా చెప్పగలిగితే అతని ఇబ్బంది అక్షరాల దగ్గర, గుణింతాలు, ఒత్తుల దగ్గర, వేగం దగ్గర ఉంది. అతనికి అట్టముక్క పెట్టి ఆపితే ఇంకా అన్యాయం జరుగుతుంది. అతనికి కావలసింది అక్షర సాధన, అదే పేరాను మళ్లీ మళ్లీ చదవడం. అంటే చరణ్ ఇంట్లో పనిచేయని పద్ధతే అతనికి మందు. విన్నా అర్థం కాకపోతే, ఇంటి మాటలో చెప్పినా అర్థం కాకపోతే, ఇంట్లో ప్రయోగాలు చేయకుండా పిల్లల వైద్యుడికి, ఆ తర్వాత మాలాంటివాళ్లకు చూపించాలి. పుస్తకం మాటలు తను చదివినా, మీరు చదివి వినిపించినా సరిగా అర్థం కాక, ఇంటి మాటలో చెప్పినప్పుడు అర్థమయ్యే పిల్లవాడికి పైన చెప్పినదంతా సరిపోతుంది.

తల్లిదండ్రులకు చదువు తక్కువ ఉంటే ఈ పని చేయలేరని చాలామంది అనుకుంటారు. ఈ ఇంట్లో పనిచేసిన రెండు ఏర్పాట్లలోనూ పెద్దవాళ్లు పుస్తకం చూడనే లేదు. వాళ్లు చేసింది శ్రద్ధగా వినడం, అర్థం కానప్పుడు అర్థం కాలేదని చెప్పడం. నాకు అన్నింటికన్నా కష్టమైనది తల్లిని జవాబు చెప్పకుండా ఆపడం. పిల్లవాడు ఆగిన మరుక్షణం ఆమె నోటికి జవాబు వచ్చేసేది. ఆమెకు చెప్పిన ఉపాయం ఒకటే: వాడు ఆగితే మీరు ఇంకో రెండు అంగుళాలు కుట్టండి, ఆ తర్వాత నోరు తెరవండి. చాలాసార్లు ఆ రెండు అంగుళాల్లోపే అతనికి జవాబు దొరికేది.

ఇప్పుడు ఎక్కడున్నాం

తెలుగులో ఇక నేను కూర్చోవలసిన అవసరం లేదు. ఇంగ్లిష్ పేజీ ఇంకా అలాగే ఉంది. అక్కడ అతనికి మాటలే చాలా తెలియవు. పైగా ఇట్, దే, విచ్ లాంటి చిన్న మాటలు వచ్చినప్పుడు మళ్లీ పాత అలవాటే. ముందు ఎదురు పేజీలోని తెలుగు చదివి, అమ్మకు తెలుగులో చెప్పి, ఆ తర్వాత ఇంగ్లిష్ పేజీ తెరిచే వరుస ఈ మధ్యే మొదలుపెట్టాం. ఒక భాషలో గట్టిపడిన చదువు శక్తి రెండో భాషకు సాయపడుతుందని జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు 1979 నుంచి చెబుతూ వచ్చారు. నా అనుభవమూ అదే. అయితే అది తనంతట తానుగా జరగదు, ఇంగ్లిష్ మాటలు విడిగా నేర్పాలి. వారానికి కొన్ని మాటలు, అవి కూడా పాఠంలో రాబోయేవే, ముందుగా ఇంట్లో వాడించమన్నాను. వచ్చే యేడు ఆరో తరగతిలో సోషల్ పాఠాల్లో వాక్యాలు పొడవవుతాయి, ఒక్క వాక్యంలోనే ముగ్గురు రాజులు వస్తారు. వేసవి సెలవుల్లో అలాంటి పేరాలు కొన్ని తెలుగులో సిద్ధం చేసి ఇస్తానని తల్లికి చెప్పాను. ఫోన్ సమయం మాత్రం మార్చుకోవలసి వచ్చింది. తండ్రి ఇప్పుడు తెల్లవారుజామున లోడింగ్‌కు పోతున్నాడు కాబట్టి రాత్రి తొమ్మిదికి బదులు సాయంత్రం ఆరున్నరకే చేస్తున్నాడు.